బోర్లించిన పలక

1938 ఆగస్టు 13, శనివారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు నేను బలపం చేతపట్టుకుని మా ఇంటి పంచలో కూర్చున్నాను. మరునాడు ఉదయం పది కాకముందే మా క్రైస్తవ సంఘంలో ఒక పెళ్లి ఆగిపోయింది, ఇంకొక పెళ్లి మొదలైంది, ఒక కాపురం కూలబోయి నిలబడింది. మూడూ నా చేతిరాత వల్లే. ఆగిపోయిన పెళ్లి నాదే. మొహమాటపడకుండా నవ్వండి. ఆ రోజు మార్కాపురమంతా నవ్వింది, మీరు కొత్తగా నవ్వితే నాకు పోయేదేమీ లేదు. పోయినవాటి జాబితా చివర్లో ఇస్తాను.

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ల నాలుగు నెలలు. ట్రెయినింగు ముగించుకొచ్చి మా సంఘం బడిలో రెండో తరగతి పంతులమ్మనయ్యాను. స్త్రీల సమాజానికి కార్యదర్శిని కూడా అయ్యాను. గిద్దలూరు ఆస్పత్రిలో కాంపౌండరు దేవదానంతో పెళ్లి కుదిరింది. ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా మనిషికి కాస్త పొగరు తెస్తుంది. నాకు మూడూ ఒకే ఏడాది వచ్చాయి. ఎవరైనా దారిలో "బాగున్నావా రత్నమ్మా" అంటే బాగున్నానని ఊరుకోకుండా ఎన్నో తేదీ నుంచి బాగున్నానో కూడా చెప్పేదాన్ని.

ఇక పలకల సంగతి. మా నాయన పలకల కార్ఖానాలో రాయి కోసే పని చేసేవాడు. మార్కాపురంలో కాగితమైతే కొనాలి, మూల విరిగిన పలకైతే ఊరికే దొరుకుతుంది. అందుకని మా చర్చిలో ప్రకటనలన్నీ పలకల మీదే. ప్రసంగపు బల్ల మీద పలక ఉంటే అది పెళ్లి ప్రకటన. పెళ్లాడబోయే ఇద్దరి పేర్లూ మూడు ఆదివారాలు ఆరాధనలో చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండని అడుగుతారు. మూడుసార్లు చదివితేనే పెళ్లి. వాకిలి పక్కన మేకుకు పలక వేలాడుతుంటే అది సాయంత్రం వీధుల్లోకి సువార్త చెప్పడానికి వెళ్లేవాళ్ల జాబితా. ఏ పలక ఎక్కడుంటుందో సంఘమంతటికీ తెలుసు. అందుకే దేనిమీదా శీర్షిక రాసేవాళ్లం కాదు. తెలిసిన సంగతి మళ్లీ రాసి బలపం అరగదీయడం దండగ అని తీర్మానించింది కార్యదర్శి. అంటే నేను.

వీధుల్లోకి ఇద్దరిద్దరుగా వెళ్లడం మా ఆనవాయితీ. కానీ ఎవరికి తోచిన జత వాళ్లు కట్టుకునేవాళ్లు. దానివల్ల తిప్పలు వచ్చేవి. చదవగలిగిన ఇద్దరు కలిసి వెళితే ఎవరూ బయటికి వచ్చేవాళ్లు కాదు. గొంతెత్తి చదువుతుంటే కోర్టు నోటీసనుకుని తలుపులు వేసుకునేవాళ్లు. పాడగలిగిన ఇద్దరు వెళితే ఇంకో తంటా. మా బైబిలమ్మ, అంటే ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే కరుణమ్మ అత్త, ఒక ఆదివారం ఇంకొక పాటగత్తెను వెంటబెట్టుకుని వెళ్లింది. మంచి గొంతు, తలమీద చెంగు, చేతిలో సంచి. మొదటి చరణం పూర్తికాకముందే ఒక ఇల్లాలు చేటతో జొన్నలు తెచ్చి సంచిలో పోసింది. వద్దంటే "తక్కువైనాయా అమ్మా" అని ఇంకో దోసెడు పోసింది. రెండు శేర్ల జొన్నలతో తిరిగొచ్చింది మా అత్త.

దీనికి నేను కనిపెట్టిన మందు లెక్క. చదివేవాళ్లు ఆరుగురు, పాడేవాళ్లు ఆరుగురు. ఒక్కొక్క చదువుకు ఒక్కొక్క పాట. తీసివేత లేదు, శేషం లేదు. చదువులో ఎక్కువమంది మగవాళ్లు, పాటలో అందరూ ఆడవాళ్లే కావడం నా లెక్కకు అడ్డురాలేదు. మా అమ్మకు అడ్డొచ్చింది.

"మగోళ్లనూ ఆడోళ్లనూ జతలు కట్టినావా? ఊరు నవ్వుతాది గదే!"

"ఊరు నవ్వదమ్మా, వింటుంది. పాడే మనిషికి చదివే మనిషి తోడు, అంతే."

"పాస్టరుగారిని అడిగినావా?"

"ఆయన పామూరు పోయినాడు గదా. వచ్చినాక చెప్తా."

"వచ్చినాక నువ్వు చెప్పేదేముంది, ఊరే చెప్తాది."

ఆ సాయంత్రం రెండు పలకలు రాశాను. ఒకదాని మీద ఒకే వరస: దేవదానం, రత్నమ్మ. అది మా మూడో ప్రకటన, బుధవారం పదిహేడున పెళ్లి. రెండోదాని మీద ఆరు జతలు. పెళ్లి పలకకు పైన ఎడమ మూల విరిగింది. జతల పలకకు పైన కుడి మూల విరిగింది. ఎడమ విరిగింది బల్ల మీదికి, కుడి విరిగింది మేకుకు. గుర్తు పెట్టుకోవడానికి ఇంతకంటే సులువైన పద్ధతి ఎవరైనా చెబితే వాళ్లకు నా కార్యదర్శి పదవి ఇచ్చేద్దామన్నంత ధీమా నాది.

ఆదివారం ఎనిమిదింబావుకు నేను పలకలతో బయలుదేరుతుంటే అమ్మ గడపలో అడ్డం నిలబడింది.

"పెండ్లికూతురు తన పేరు తానే నలుగురికీ చూపిస్తా పోతాదా? బోర్లించి పట్టుకో! గిద్దలూరు నుంచి పిల్లోడి పెదనాయన కూడా వచ్చినాడు, ఏమనుకుంటాడు?"

నిజమే. మూడో ప్రకటన చెవులారా విని కబురు పట్టుకుపోవడానికి దేవదానం పెదనాయన జకర్యాగారు శనివారం రైల్లోనే వచ్చి చుట్టాలింట్లో దిగి ఉన్నాడు. తలపాగా, జేబు గడియారం, నవ్వని ముఖం. దేవదానానికి తండ్రి లేడు. ఆయన మాటే ఆ ఇంట్లో ఆఖరి మాట.

రెండు పలకలూ బోర్లించి, చెంగు కింద రొమ్ముకు హత్తుకుని వెళ్లాను. చర్చిలో ఎవరూ లేరు. బోర్లించిన పలకలను అలాగే, పేర్లవైపు కన్నెత్తి చూడకుండా, మూలలు తడిమి చూశాను. ఎడమ మూల విరిగింది బల్ల మీద బోర్లా పెట్టాను. కుడి మూల విరిగింది తీసుకుపోయి, కళ్లు మూసుకుని తిప్పి, మేకుకు తగిలించాను. కళ్లెందుకు మూసుకున్నానంటే, సిగ్గు. చదువుకున్న ఆడపిల్లకు కూడా సిగ్గుంటుందని అమ్మకు రుజువు చేద్దామని.

మీలో రెండో తరగతి పాసైనవాళ్లు ఈపాటికి పట్టేసి ఉంటారు. పలకను బోర్లిస్తే ఎడమ మూల కుడికి వస్తుంది. ఈ సంగతి నేను పిల్లలకు అట్టముక్కతో చేసి చూపించి మరీ నేర్పాను. పరీక్షలో అడిగాను కూడా.

పాస్టరుగారి బదులు ఆ రోజు పెద్దారవీడు నుంచి యెషయా ఉపదేశి తాత వచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి, దారంతో చెవులకు కట్టుకున్న కళ్లద్దాలు, గుడి కప్పు ఎగిరిపోయే గొంతు. చెవులు మాత్రం అంతంతే. మా సంఘంలో ఎవరికి పెళ్లయిందో ఎవరికి కాలేదో ఆయనకు తెలియదు. చదవడం మొదలుపెడితే కొండవాగు లాంటివాడు, అడ్డం నిలబడినవాళ్లు కొట్టుకుపోవాల్సిందే. ఆయన పలక తిరగేసి పొడుగు జాబితా చూసి మురిసిపోయాడు.

"దేవునికి స్తోత్రం! ఈ ఏడు మార్కాపురంలో పంట బాగా పండినట్టుంది. ఈ క్రింది వారు పరిశుద్ధ వివాహము చేసికొన నుద్దేశించుచున్నారు. పౌలుకును కరుణమ్మకును!"

పౌలు మామ కార్ఖానాలో మా నాయన పక్కనే కూర్చుని రాయి కోసేవాడు. పెళ్లాం పోయి తొమ్మిదేళ్లయింది. కరుణమ్మ అత్త పెళ్లే చేసుకోలేదు, నలభై ఆరేళ్లు. ఆడవాళ్ల వైపు చాపల మీద ఒక్కసారిగా గాజులు గలగలమన్నాయి. నాకు సంగతి అప్పుడే తెలిసిపోయింది. లేచి చెప్పాల్సింది. లేవలేదు. ఆరాధన జరుగుతుండగా లేవకూడదని పిల్లలకు నేర్పింది నేనే. పిల్లలు నా ముందు వరసలో కూర్చున్నారు.

"ఏలియాకును రత్నమ్మకును!"

ఏలియా బావ దర్జీ. మంచి చదువరి, ఆయన జతలో పాట నాది. పెళ్లయింది, ముగ్గురు పిల్లలు. ఆయన భార్య మార్తమ్మ వదినె చంటిదాన్ని చంకనేసుకుని లేచి నిలబడింది.

"తాతా! నేనింకా చావలేదు!"

తాత చేయెత్తి, "అమ్మా, ప్రార్థన మనవులు తరువాత" అన్నాడు.

"మనవి కాదు తాతా, మొగుడు! వాడు నా మొగుడు!"

"అవునవును, స్వస్థత కలుగుతుంది, కూర్చో" అని తాత పలక వైపు తిరిగాడు.

మార్తమ్మ వదినె ఇటు తిరిగింది. "ఏమే రత్నీ, రవికె కుట్టించుకునేదానికని వారంలో నాలుగుసార్లు వచ్చినావు, ఇందుకా?"

"మూడుసార్లే వదినా" అన్నాను నేను. లెక్క తప్పు చెబితే నేను ఊరుకోలేను, ఆ గండంలో కూడా. మగవాళ్ల వైపు ఏలియా బావ రెండు మోకాళ్ల మధ్య తల దూర్చి కూర్చున్నాడు. చూసేవాళ్లకు అది గాఢమైన ప్రార్థనలా ఉంది.

ముందు వరసలో జకర్యాగారి తలపాగా మెల్లగా అటూ ఇటూ తిరిగింది. ఆయన చెవులారా వినడానికి వచ్చిన పేరు సగమే వినబడింది. రెండో సగం ఎవడో దర్జీది.

తాత ఇంకో జతను కూడా చదివేసి, నాలుగో జత దగ్గరికి వచ్చాడు. "సారమ్మకును... లేయమ్మకును..." ఆ ఇద్దరూ అత్తాకోడళ్లు. అత్త పాడుతుంది, కోడలు చదువుతుంది. అప్పుడు గాని ఆగలేదు ఆ వాగు. తాత కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్లీ చూసి, సంఘం వైపు తలెత్తాడు.

"ఈ జతలో పెండ్లికుమారుడెవరు?"

నవ్వు అక్కడ మొదలైంది. అది కాస్త తగ్గేదాకా ఆగి, పని సగంలో వదలడం ఇష్టం లేని తాత ముగించాడు. "వీరిలో ఎవరి విషయములోనైనను అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలుపవలెను."

ముప్పై గొంతులు ఒకేసారి లేచాయి. ఆ గోల మధ్యలో పౌలు మామ లేచి, తువ్వాలు భుజం మీద సర్దుకుని, గోల ఆగేదాకా నిలబడి అన్నాడు.

"మొదటి జతకైతే నా తట్టు నుంచి అభ్యంతరం లేదయ్యా. ఆమెను అడగండి."

కరుణమ్మ అత్త చెంగు ముఖం మీదికి లాక్కుంది. కానీ అభ్యంతరం చెప్పలేదు. ఇది నేను అప్పుడు గమనించలేదు. నాకు నా చావే సరిపోయింది.

ఆరాధన ముగించే దీవెన అయ్యేసరికి తొమ్మిదీ నలభై. అందరికంటే ముందు బయటికి నడిచిన జకర్యాగారు వాకిలి దగ్గర నిలబడిపోయాడు. మేకుకు వేలాడుతున్న పలక మీద ఆయన కొడుకులాంటివాడి పేరు.

"ఏందయ్యా ఇది?" అన్నాడు మా నాయనతో. "మీ పిల్లకు లోపల ఒక మొగుడు, బయట ఒక మొగుడా? లోపలోణ్ని చదివినారు, మావోణ్ని మేకుకు ఏలాడదీసినారు!"

నాయన చేతులు కట్టుకున్నాడు.  చివరికి నేనే రెండు పలకలూ పట్టుకుని, తిప్పి, బోర్లించి, మూలలు చూపించి, రెండో తరగతి పాఠం మొత్తం పెద్దమనిషికి చెప్పాను. ఆయన నవ్వలేదు, కానీ అర్థం చేసుకున్నాడు. పక్కన నిలబడి విన్న మార్తమ్మ వదినె చంటిదాన్ని తీసుకెళ్లి ఏలియా బావ చేతుల్లో పెట్టింది. యెషయా తాతకు అమ్మ చెవిలో అరిచి చెప్పింది. తాత నొచ్చుకున్నాడు.

"అయ్యో బిడ్డా! పోనీలే, జనమంతా ఇంకా ముంగిట్లోనే ఉన్నారు. లోపలికి పిలుద్దాం, నిమిషంలో చదివేస్తా."

జకర్యాగారు గడియారం తీసి చూశాడు. "సరే, కానీండి. పన్నెండు గంటల రైలు అందుకోవాల. పిల్లోనికి బుధవారానికని ఐదు రోజులు సెలవిచ్చినారు. ఇది తప్పితే మళ్లీ క్రిస్మసు వారమే."

అమ్మ ఊపిరి పీల్చుకుంది. నాయన చేతులు విప్పుకున్నాడు. జనం లోపలికి కదిలారు. అన్నీ సర్దుకున్నాయి. ఆ ఒక్క నిమిషం నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది, నా పెళ్లి పదిహేడునే అయ్యేది.

"కుదరదు తాతా" అన్నాను. "ప్రకటన ఆరాధనలో చదవాలి. దీవెన అయిపోయినాక చదివితే అది ప్రకటన కాదు, ఉత్త చదువు."

లోపలికి కదిలిన జనం గడప దగ్గరే ఆగి వెనక్కి తిరిగారు.

"నోరు ముయ్యవే!" అంది అమ్మ పళ్ల మధ్య నుంచి.

"పిల్ల చెప్పేది నిజమేనా ఉపదేశిగారూ?" అన్నాడు జకర్యాగారు.

"నిజమేననుకోండి. కానీ అట్ల ఎవరడుగుతారు?"

"ఎవరో ఎందుకు, ఆమే అడుగుతాంది గదా."

టప్పుమని గడియారం మూత పడింది. ఆయన పెళ్లి పలకను నా చేతిలోంచి తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. "వాణ్ని అడిగి కబురు చేస్తా" అన్నాడు. అవునని గాని కాదని గాని అనలేదు. జట్కా ఎక్కి స్టేషను దారి పట్టాడు. దేవదానాన్ని నేను చూసింది ఒక్కసారే, పెళ్లిచూపుల్లో, ఆరేడు నిమిషాలు. కానీ ఆ జట్కా మలుపు తిరుగుతుంటే నాకు చూపు మసకబారింది. నియమం నిలబెట్టినందుకు గర్వపడదామని ప్రయత్నించాను. రాలేదు.

ఆ సాయంత్రం వీధుల్లోకి ఎవరూ వెళ్లలేదు, ఒక్క జత తప్ప. పౌలు మామ, కరుణమ్మ అత్త పలక మీద ఉన్నట్టే రాయి కోసేవాళ్ల వీధికి వెళ్లారు. ఉదయం జరిగింది వాళ్లకంటే ముందే ఆ వీధికి చేరింది. ఎన్నడూ తలుపు తీయని ఇళ్లవాళ్లు ముంగిట్లో మంచాలు వాల్చారు, మజ్జిగ ఇచ్చారు. మామ చదివాడు, అత్త పాడింది. అరగంట కిక్కురుమనకుండా విన్నారు. అంతా అయ్యాక ఒక ముసలామె అడిగిందట.

"అంతా బాగుంది గానీ అక్కా, లగ్గమెప్పుడు?"

"పలక మీద రాసినాక తుడిపేదెట్ల?" అందట కరుణమ్మ అత్త.

వాళ్ల ప్రకటన పద్నాలుగున ఆరాధనలోనే, దీవెనకు ముందే చదివారు కాబట్టి చెల్లింది. ఇది కూడా పాస్టరుగారితో వాదించి ఒప్పించింది నేనే. ఇరవై ఒకటిన రెండోది, ఇరవై ఎనిమిదిన మూడోది. 31న, బుధవారం పెళ్లి. నా పెళ్లికని అమ్మ పన్నెండునే చేసిపెట్టిన అరిసెలు ఆ పెళ్లిలో పంచారు. పంతొమ్మిది రోజులు ఆరిన అరిసెలు, పౌలు మామ ఒకటి చేతిలో తిప్పి చూసి "దీని మీద బలపంతో రాయొచ్చు అమ్మాయా" అన్నాడు.

ఈలోగా ఇరవై మూడో తేదీ, మంగళవారం, గిద్దలూరు నుంచి కార్డు వచ్చింది. బడిలో పిల్లల ముందే చదివాను, ఇంటికెళ్లేదాకా ఆగలేక.

"పెదనాయన పలక చూపించి జరిగింది చెప్పినాడు. 'ఈ పిల్ల నియమం కోసం తన పెండ్లి తానే ఆపుకుంది, వద్దంటావా?' అని అడిగినాడు. నేను మందులు కలిపేవాణ్ని. నియమం తప్పని మనిషి ఇంట్లో ఉంటే నాకు మంచిదే అన్నాను. ఒక్క మాట. చీటీ అంటించని సీసా నేను ఎవరి చేతికీ ఇవ్వను. నీ పలకకు శీర్షిక లేదు. ఈసారి పెట్టు. డిసెంబరు 28, బుధవారానికి సెలవు దొరికింది."

మొదటి రెండు ప్రకటనలు పాతబడ్డాయని మూడూ మళ్లీ మొదటి నుంచి చదివించాను. ఈసారి పలకలో సగం పైగా శీర్షికే. మా పేర్లు పట్టక అంచు మీద రాయాల్సి వచ్చింది.

కాబట్టి, ఇది చదువుతున్న అందరి సాక్షిగా గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఒంట్లో ప్రాణం ఉండగా శీర్షిక లేని పలక రాయను. రాసినా బోర్లించను. బోర్లించినా కళ్లు మూసుకోను. దీవెన అయిపోయాక ఎవరైనా నా మేలు కోరి నియమం తప్పబోతే, ముందు నా నోరు నేనే మూసుకుని, ఆ తరువాత ఆలోచిస్తాను.

పోయినవి:

పెళ్లికి ముందు రోజులు, నూట ముప్పై మూడు.

అరిసెలు, రెండు వందల నలభై. అందులో నేను తిన్నవి రెండు.

పలక, ఒకటి. గిద్దలూరులో మా పడకగది గోడకు దొరికింది, తిరిగి ఇవ్వలేదు.

మార్తమ్మ వదినె నాతో మాట్లాడని ఆదివారాలు, ఏడు. ఏలియా బావ కుట్టని రవికెలు, రెండు.

కార్యదర్శి పదవి, ఒకటి. కరుణమ్మ అత్తకు ఇచ్చారు.

పరువు. కొలత దొరకలేదు కాబట్టి అంకె వేయలేదు.